దయకు కొలత

ఆకలిగొన్నవానికి పట్టెడన్నము పెట్టుటకు చదువు కావలెనా? వరదలో చిక్కినవానికి చేయి అందించుటకు పట్టము కావలెనా? నేడు కొన్ని విశ్వవిద్యాలయములలో అంతర్జాతీయ మానవతా సహాయము ఒక స్నాతకోత్తర విద్యావిషయముగా బోధింపబడుచున్నదని చెప్పినప్పుడు శ్రోతలలో చాలమందికి మొదట తోచు ప్రశ్న ఇదియే. మన పెద్దలు అన్నసత్రములు కట్టించిరి, చలివేంద్రములు పెట్టించిరి. వారెవరును ఏ కళాశాలలోను దయను నేర్చుకొనలేదు. దయ పుట్టుకతో రావలసినదే గాని పుస్తకములతో వచ్చునది కాదని మన నమ్మకము.

ఆ నమ్మకము అబద్ధము కాదు. కాని అది సగము నిజము మాత్రమే. ఒక్కనికి అన్నము పెట్టుటకు దయ చాలును. లక్షమందికి, అందును యుద్ధము నడుచుచుండగా, రోగము వ్యాపించుచుండగా, పరదేశమున పెట్టవలసి వచ్చినప్పుడు దయ ఒక్కటియే చాలదు. అది చాలని చోట ఎందరు మరణించిరో, ఆ మరణముల నుండి మనుష్యజాతి ఏమి నేర్చుకొన్నదో తెలుపునదే ఈ విద్య యొక్క చరిత్ర. అందులో నాలుగు ఘట్టములను మాత్రము నేడు చెప్పుకొందము. వానిలో ఒకటి మన తెలుగు జిల్లాలలోనే జరిగినది.

మొదటి ఘట్టము ఇటలీ దేశమునకు చెందినది. 1859వ సంవత్సరము జూన్ 24వ తేదీన ఆ దేశపు ఉత్తర భాగమున సోల్ఫెరినో అను గ్రామము చుట్టును ఒక మహాయుద్ధము జరిగెను. ఒకవైపు ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియను, సార్డీనియా రాజు విక్టర్ ఇమ్మాన్యుయేలు. రెండవవైపు ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫు. ఆ ఒక్క దినమున మరణించినవారు, గాయపడినవారు, జాడ తెలియకపోయినవారు కలిసి సుమారు 40 వేలమంది. సమీపమున నున్న కాస్టిగ్లియోనె పట్టణమునకు గాయపడిన సైనికులు బండ్లమీదను, కాలినడకను వచ్చి, దేవాలయములలోను, వీథి అరుగులమీదను పడియుండిరి.

ఆ సమయమున అచ్చటికి ఆన్రీ ద్యునాన్ అను జెనీవా వర్తకుడు వచ్చెను. అతడు వైద్యుడు కాడు, సైనికుడు కాడు. అల్జీరియాలో తన వ్యాపారమునకు కావలసిన అనుమతికై నెపోలియను చక్రవర్తికి విన్నపము చేసికొనవలెనని వచ్చిన ముప్పది యొక్క సంవత్సరముల గృహస్థు. తన పని మరచి, పెద్ద చర్చిలో క్షతగాత్రులకు నీరిచ్చుచు, గాయములు కడుగుచు కొన్ని దినములు గడపెను. ఆ పట్టణపు స్త్రీలు మిత్రుడు, శత్రువు అను భేదము లేక, అందరును సోదరులేయని చెప్పుకొనుచు సేవ చేసిరి. అచ్చట దయకు కొరత లేదు. అయినను మనుష్యులు చనిపోయిరి. నీరుండెను, కాని దాహముతో మరణించినవారుండిరి. కట్టుగుడ్డలుండెను, కాని కట్టు కట్టగల చేతులు చాలలేదు. ద్యునాన్ మనస్సును తొలిచిన విషయము ఇదియే. దయ గలవారు యుద్ధము వచ్చిన తరువాత పరుగెత్తుకొని వచ్చుట కాక, శాంతికాలముననే శిక్షణ పొంది సిద్ధముగా ఉండరాదా?

1862లో అతడు తన అనుభవమును గ్రంథముగా వ్రాసి, సొంత వ్యయముతో 1,600 ప్రతులు అచ్చు వేయించి, ఐరోపాలోని రాజులకును, మంత్రులకును పంపెను. 1863 ఫిబ్రవరిలో జెనీవాలో ఐదుగురు సభ్యుల సంఘము ఏర్పడెను. అదియే రెడ్‌క్రాస్ సంస్థకు మూలము. 1864 ఆగస్టు 22వ తేదీన 12 రాజ్యముల ప్రతినిధులు మొదటి జెనీవా ఒడంబడికపై సంతకములు చేసిరి. అందున్నవి పది అనుచ్ఛేదములు మాత్రమే. గాయపడిన సైనికుడు ఏ దేశమువాడైనను సేవకు అర్హుడనియు, వానికి సేవ చేయు వైద్యుని కాల్చరాదనియు రాజ్యములు లిఖితపూర్వకముగా ఒప్పుకొనుట అదియే మొదలు. దయ ఒక చట్టమైనది.

అయితే అందరును ఈ ప్రయత్నమును మెచ్చుకొనలేదు. క్రిమియా యుద్ధమున క్షతగాత్రులకు సేవ చేసి కీర్తి గాంచిన ఫ్లారెన్సు నైటింగేలు దీనిని శంకించెను. సైనికులను యుద్ధమునకు పంపిన ప్రభుత్వమే వారి వైద్యభారమును వహించవలెను. ఆ భారమును దాతలు నెత్తిన వేసికొన్నచో యుద్ధము చేయుట ప్రభుత్వములకు మరింత సులభమగునని ఆమె వాదము. ఈ వాదమునకు నేటికిని పూర్తి సమాధానము లభింపలేదు. ఈ విద్యను అభ్యసించువారు మొదటి మాసములోనే ఎదుర్కొను ప్రశ్నలలో ఇది యొకటి. ద్యునాన్ మాత్రము 1867లో వ్యాపారమున దివాలా తీసి, అందరిచేతను మరువబడి, తుదకు 1901లో శాంతికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమానమును ఫ్రెడరిక్ పాస్సీ అను ఫ్రెంచివానితో కలిసి అందుకొనెను.

ఇక రెండవ ఘట్టము. దీనికొరకు మనము సముద్రములు దాటనక్కరలేదు. 1876లో వానలు వెనుకదీసినవి. అది ధాత నామ సంవత్సరము. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మొదలుకొని మద్రాసు రాజధానిలో విశాలభాగము కరువు పాలయ్యెను. మన పెద్దల నోట 'ధాత కరువు' అని నిలిచిపోయిన కరువు ఇదియే. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించు దర్బారు అతివైభవముగా జరుగుచుండగా, ఇచ్చట పల్లెలు ఖాళీ యగుచుండెను.

ఆ నెలలోనే రాజప్రతినిధి లిట్టన్ ప్రభువు సర్ రిచర్డు టెంపుల్ అను అధికారిని కరువు పర్యవేక్షణకై దక్షిణమునకు పంపెను. ఈ టెంపుల్ కఠినహృదయుడని తలపరాదు. 1874లో బీహారు కరువునందు ఆయనయే బర్మా బియ్యమును విస్తారముగా తెప్పించి ప్రజలను కాపాడెను. అప్పుడు చనిపోయినవారు చాల తక్కువ. కాని వ్యయము ఎక్కువైనదని ఆయనను పైవారు ఆక్షేపించిరి. ఈసారి ఆ మాట పడరాదని ఆయన నిశ్చయించుకొనెను. అందుచేత కరువు పనులలో మట్టి మోయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై కొంచెము పైకమును కూలిగా నిర్ణయించెను. ఒక పౌను అనగా మన లెక్కలో సుమారు 39 తులములు. అంతకు మునుపు ఇచ్చుచుండినది పౌనున్నర. ఈ తగ్గించిన కూలికే 'టెంపుల్ కూలి' అని పేరు వచ్చెను.

దీనిని ఎదిరించినవాడు మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యశాఖాధికారి, వైద్యుడు కార్నిష్. ఆయన ఉపన్యాసములు చేయలేదు, లెక్క వేసెను. మనుష్యుని శరీరము ఊరక యుండుటకే ఇంత ఆహారము కావలెను. మట్టి త్రవ్వి మోయుటకు మరింత కావలెను. అందులో పప్పుదినుసుల వంటి బలకరమైన పదార్థము కొంత యుండవలెను. జైలులోని ఖైదీలకు మనము పెట్టు తిండి ఈ కూలివానికి దొరకు తిండికన్న మెరుగుగా నున్నదని వరుసగా చూపెను. కరువు పనులలో నున్నవారి శరీరములు క్షీణించుచున్నవని వైద్యుల నివేదికలను ముందు పెట్టెను. ఎంత తక్కువతో మనుష్యుడు బ్రతుకునో పరీక్షించి చూడవచ్చునని టెంపుల్ పక్షము. ఆ పరీక్షకు ప్రజల ప్రాణములను పణముగా పెట్టరాదని కార్నిష్ పక్షము. నెలల తరబడి ఉత్తర ప్రత్యుత్తరములు నడచినవి. తుదకు మద్రాసు ప్రభుత్వము కూలిని పెంచి, పప్పును చేర్చెను. కాని ఆ లోపల నడచిన దినములు తిరిగి రావు గదా! ఆ కరువున బ్రిటిషు ఇండియాలో చనిపోయినవారు అర కోటికి మించిరని తరువాతి అధికార గణనయే ఒప్పుకొన్నది.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఆ తగవు దయ గలవానికిని దయ లేనివానికిని నడుమ నడచినది కాదు. తిండి పెట్టవలెనని ఇరువురును ఒప్పుకొన్నవారే. ఎంత పెట్టవలెననునదే ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము హృదయమును అడిగినచో దొరకదు. శరీరశాస్త్రమును అడుగవలెను, త్రాసును అడుగవలెను. మద్రాసు రాజధానిలో 1877లో జరిగిన ఆ వాదోపవాదము, సహాయమునకు కొలత ఉండవలెనను భావమునకు ప్రపంచచరిత్రలోనే తొలి నిదర్శనములలో ఒకటి.

ఆ సంవత్సరము ఆగస్టులో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు చేసిన విజ్ఞప్తికి లండను నగరాధ్యక్షుడు నిధి తెరచెను. లాంకషైరు నూలుమిల్లుల కార్మికులు మొదలుకొని ఆస్ట్రేలియాలోని వలసవారి వరకు చందాలు పంపిరి. ఆరు లక్షల పౌనులకు మించిన ధనము వచ్చెను. ఆ ధనముతో అన్నము పెట్టుట మాత్రమే కాదు. రైతులకు విత్తనములు, ఎడ్లు కొనియిచ్చిరి. కూలిన ఇండ్లకు కప్పు వేయించిరి. సాలెవారికి పని కల్పించిరి. కరువు తీరిన తరువాత మనుష్యుడు మరల తన కాళ్లపై నిలువవలెనను ఆలోచన అందులో ఉన్నది. నేటి పాఠ్యగ్రంథములు 'పునరావాసము' అను పేర బోధించునది దీనినే. నిధి సంఘమునకు కార్యదర్శిగా నుండిన విలియం డిగ్బీ అను పత్రికాసంపాదకుడు 1878లో ఈ చరిత్ర నంతయు రెండు సంపుటములుగా ప్రకటించెను.

1880లో కరువు విచారణ సంఘము తన నివేదికను సమర్పించెను. 1883లో కరువు నియమావళి వచ్చెను. కరువు లక్షణములేవి, పనులు ఎప్పుడు తెరువవలెను, కూలి ఎంత, పని చేయలేని వృద్ధులకును శిశువులకును ఊరిలోనే తిండి ఎట్లు పెట్టవలెను అను విషయములు అందు క్రమముగా వ్రాయబడినవి. కాని నియమావళి వ్రాయుట వేరు, దానిని అమలు జరుపుట వేరు. 1943లో బంగాళమున లక్షలకొలది ప్రజలు ఆకలితో మరణించుచుండగా, కరువు వచ్చినదని ప్రభుత్వము నియమావళి ప్రకారము ప్రకటింపనే లేదు. పుస్తకము బీరువాలోనే ఉండిపోయెను. కొలత తెలిసినంత మాత్రమున చాలదు. దానిని పాటింపవలెనను బాధ్యత గల ప్రభుత్వమును, దానిని నిలదీయు ప్రజలును ఉండవలెను.

మూడవ ఘట్టము మరల మన దేశముననే. 1971లో తూర్పు పాకిస్తానులో సాగిన హింసాకాండ వలన సుమారు కోటిమంది శరణార్థులు భారతదేశమునకు వచ్చిరి. పశ్చిమ బంగాళములో సరిహద్దునకు చేరువనున్న బనగావ్ పట్టణపు ఆసుపత్రిలో కలరా రోగులు నేలపై కూడ చోటు లేక పడియుండిరి. ఆ రోజులలో కలరాకు చికిత్స సూదిద్వారా రక్తనాళమునకు లవణజలము ఎక్కించుట. దానికి సీసాలు కావలెను, సూదులు కావలెను, శిక్షణ గల చేతులు కావలెను. సీసాలు అయిపోవచ్చినవి. సోల్ఫెరినోలో ద్యునాన్ చూచిన దుఃస్థితియే మరల ఎదురయ్యెను.

అప్పుడు అచ్చట నుండిన వైద్యుడు దిలీప్ మహలనబిస్. ఉప్పు, గ్లూకోజు, వంటసోడా సరియైన పాళ్లలో కలిపిన నీటిని త్రాగించినచో కలరా రోగి బ్రతుకునని ఢాకాలోను, కలకత్తాలోను అంతకు మూడేండ్ల క్రిందటనే పరిశోధకులు కనుగొనియుండిరి. కాని అది ఆసుపత్రి గదులలో జరిగిన పరీక్ష. ఇట్టి జనసమ్మర్దములో ఎవరును వాడి చూడలేదు. మహలనబిస్ ఆ పొడిని పొట్లములు కట్టించి, పీపాలలో నీటితో కలిపించి, రోగుల బంధువుల చేతికే గిన్నెలిచ్చి త్రాగింపుమని చెప్పెను. తల్లియే బిడ్డకు వైద్యురాలయ్యెను. అంతకు ముందు నూటికి సుమారు 30 మంది మరణించుచుండగా, ఈ పద్ధతి వలన ఆ సంఖ్య నాలుగింటికి లోపలికి దిగెను. నేడు మన ఇండ్లలో విరేచనములైన బిడ్డకు త్రాగించు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఇదియే. ఆ ఆసుపత్రిలో పదిమందిని కాపాడిన దయకును, వేలమందిని కాపాడిన దయకును నడుమనున్న భేదము ఒక చిటికెడు ఉప్పు, దాని పాలు ఎంతో తెలిసిన జ్ఞానము.

నాలుగవ ఘట్టము ఆఫ్రికా ఖండమునకు చెందినది. చెప్పుటకు మనస్సు వెనుకాడునది. 1994 ఏప్రిల్ నుండి జూలై వరకు రువాండా దేశమున నరమేధము జరిగి, సుమారు ఎనిమిది లక్షలమంది హతులైరి. మరణించినవారిలో అత్యధికులు టుట్సీలు. ఈ ఘోరమునకు అచ్చటి ఒక రేడియో కేంద్రము ప్రజలను పురికొల్పినది. దానికి బాధ్యులైనవారిని అంతర్జాతీయ న్యాయస్థానము 2003లో దోషులుగా నిర్ణయించెను. రేడియోలో మాటాడుటయే వృత్తిగా గల మేము ఈ సంగతిని తల వంచుకొని చెప్పుచున్నాము.

జూలై మధ్యలో ప్రభుత్వము మారుటతో, హంతకులును, వారి వెంట నడచిన సామాన్య ప్రజలును కలిసి లక్షలకొలది జనము కొద్ది దినములలోనే సరిహద్దు దాటి జైరు దేశములోని గోమా పట్టణమునకు చేరిరి. ఆ దేశమునే నేడు కాంగో అనుచున్నారు. అది అగ్నిపర్వతపు నేల, రాయి గట్టిది, మరుగుదొడ్డికి గాని సమాధికి గాని గుంట త్రవ్వుట కష్టము. త్రాగుటకు సరస్సు నీరే గతి. కలరా చెలరేగెను. మొదటి నెలలోనే దాదాపు 50 వేలమంది మరణించిరి.

ప్రపంచము చూడలేదని అనుటకు వీలులేదు. టెలివిజనులో ఆ దృశ్యములు చూచి దేశదేశముల నుండి పదులకొలది సంస్థలు విమానములలో వచ్చి వాలినవి. ధనమునకు లోటు లేదు, దయకు లోటు లేదు. కాని వచ్చినవారిలో కలరా చికిత్స ఎరుగనివారుండిరి. 23 ఏండ్ల క్రిందట బనగావ్‌లో ఒక తల్లి నేర్చుకొన్న పాఠమును వారు నేర్చుకొని రాలేదు. అంతకన్న చేదైన విషయము మరియొకటి: శిబిరములు నరమేధము జరిపించిన నాయకుల చేతులలోనే ఉండెను. పంచిన ధాన్యములో భాగము వారికి చేరెను. దానితో వారు మరల బలపడిరి. ఇది చూచి 'సరిహద్దులు లేని వైద్యులు' అను సంస్థ యొక్క ఫ్రెంచి శాఖ ఆ సంవత్సరాంతమున శిబిరముల నుండి వైదొలగెను. ఉండినచో హంతకులకు తోడ్పాటు. వెడలినచో నిరపరాధులకు ద్రోహము. అట్టి సమయమున ఏది ధర్మమో చెప్పగలవారెవరు? ఉండిపోయినవారిని గాని, వెడలిపోయినవారిని గాని మేము నిందింపజాలము. ఆ సంకటము వచ్చునని ముందుగా ఎరిగి, ఆలోచించి యుండవలసినదని మాత్రము చెప్పగలము.

1996లో పలు ప్రభుత్వములు, సంస్థలు కలిసి జరిపించిన విచారణ ఈ లోపములను దాచక వెల్లడించెను. మరుసటి ఏట 'స్ఫియర్' అను ఉద్యమము మొదలై, 2000లో దాని ప్రమాణ గ్రంథము వెలువడెను. ఆపదలో నున్న ప్రతి మనుష్యునికిని దినమునకు కనీసము 15 లీటర్ల నీరు. సగటున 2,100 కెలోరీల ఆహారము. తల దాచుకొనుటకు మూడున్నర చదరపు మీటర్ల చోటు. ఇరువదిమందికి ఒక మరుగుదొడ్డి. ఈ అంకెలు చూచినప్పుడు మాకు కార్నిష్ వైద్యుడు జ్ఞప్తికి వచ్చును. టెంపుల్ నిర్ణయించిన ఒక పౌను ధాన్యము బియ్యమే అనుకొన్నచో అందులో నుండునది సుమారు 1,600 కెలోరీలు. మట్టి మోయు మనుష్యునికి అది చాలదని ఆయన 1877లో అన్న మాట అక్షరాల నిజమని ఈ గ్రంథము చెప్పకయే చెప్పుచున్నది.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు తిరిగి వత్తము. 1993లో ఐరోపాలోని కొన్ని విశ్వవిద్యాలయములు కలిసి 'నోహా' అను పేర ఈ విద్యలో ఉమ్మడి పాఠక్రమమును ఏర్పరచినవి. తరువాత ఇతర దేశములలోను ఇట్టివి వెలసినవి. విద్యార్థులకు చరిత్ర చెప్పుదురు. జెనీవా ఒడంబడికలు చెప్పుదురు. అంటురోగముల లెక్కలు, ఆహారశాస్త్రము, సరకుల రవాణా, ఆయా దేశముల రాజకీయములు చెప్పుదురు. వీనితోపాటు ధర్మసంకటములను ముందుంచి వాదింపజేయుదురు. వారికి దయ నేర్పుట ఎవరి తరమును కాదు. అది వారు ఇంటి నుండి తెచ్చుకొనవలసినదే. తెచ్చుకొన్న దయ వ్యర్థము కాకుండ, అపకారము కాకుండ చూచుటకే ఈ చదువు.

శ్రోతలు అందరును గోమాకు వెళ్లబోవుట లేదు. కాని తుఫాను మన తీరమునకును వచ్చును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన పదివేలమందికి తక్కువగాక పొట్టన పెట్టుకొన్నది. మరల ఎన్నడును రాదని ఎవరు చెప్పగలరు? అట్టి వేళ మనము పాతబట్టలు మూట గట్టి పంపుదుము, బియ్యము పోగు చేయుదుము, చందాలు ఇచ్చుదుము. ఇవ్వవలసినదే. ఇచ్చుటకు ముందు మాత్రము ఒక్క క్షణము నిలిచి మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది: అచ్చటివారు ఏమి అడుగుచున్నారు? ఎంత కావలెను? అది ఎవరి చేతిమీదుగా ఎవరికి చేరును? 1877లో మద్రాసులో ఒక వైద్యుడు అధికారులను అడిగినవి దాదాపు ఈ ప్రశ్నలే. సమాధానము వచ్చుటకు నెలలు పట్టినది. అడిగినవారు అప్పుడు మరికొందరు ఉండినచో అంత కాలము పట్టియుండెడిది కాదేమో!